పెరటి కిటికీలోని సత్తు గ్లాసు

మా నాయనమ్మకు దేవుళ్ళందరిలోకీ ముఖం మీద గాట్లున్న దేవుడంటే ఎక్కువ ఇష్టం. చెన్నై తిరువల్లిక్కేణిలోని పార్థసారథి ఆలయంలో ఉత్సవమూర్తిని దగ్గరగా చూసినవారికి ఆ గాట్లు కనిపిస్తాయి. కురుక్షేత్రంలో అర్జునుడి రథం తోలుతున్నప్పుడు భీష్ముడి బాణాలు తగిలిన మచ్చలని చెబుతారు. గర్భగుడిలో నిలుచున్న మూలమూర్తి వేంకటకృష్ణుడు మరొక వింత. ఆయనకు గుబురు మీసం ఉంటుంది, చేతిలో శంఖం ఉంటుంది, చక్రం మాత్రం ఉండదు. యుద్ధంలో ఆయుధం పట్టనని మాట ఇచ్చినవాడు కనుక ఇలా ఉత్త చేతులతో నిలుచున్నాడని నాయనమ్మ చెప్పేది. "మరి భీష్ముడి మీదికి చక్రం ఎత్తుకుని దూకాడు కదా" అని ఒకసారి నేను నిలదీస్తే, "దూకాడు, అర్జునుడు కాళ్ళు పట్టుకుని ఆపాడు, అప్పుడు సిగ్గుపడి ఇక్కడికి వచ్చేటప్పుడు చక్రం ఇంట్లో పెట్టి వచ్చాడు" అంది. ఈ వ్యాఖ్యానం ఏ పురాణంలోనూ దొరకదని తెలిసినా, సిగ్గుపడగల దేవుడు ఒకడున్నాడన్న మాట తొమ్మిదేళ్ళ వయసులో నాకు ఎంత నచ్చిందంటే, ఇప్పటికీ ఆ సన్నిధిలో నిలబడినప్పుడు ముందుగా నా చూపు ఆ ఖాళీ చేతి మీదికే పోతుంది.

మేముండేది గుడి వెనక వీధుల్లో ఒక స్టోరు ఇంట్లో. ఒకే పెద్ద ఇంటిని వరుసగా పోర్షన్లు చేసి అద్దెకిచ్చే ఇళ్ళను మా పేటలో స్టోరు అనేవారు. వెనకవైపు సన్నని పెరడు, పెరటిలోకి తెరుచుకునే ఒక ఇనప చువ్వల కిటికీ, ఆ కిటికీ గట్టు మీద బోర్లించిన ఒక సత్తు గ్లాసు ఉండేవి. గ్లాసు అంచు దగ్గర ఒక సొట్ట, అడుగున వేడికి నల్లబడిన ముద్ర ఉండేవి. గిన్నెలు తోమడానికి నడుకుప్పం నుంచి వచ్చే ఆయమ్మకు పొద్దున కాఫీ దానిలో పోసేవారు. ఆమె తాగి, తనే కడిగి, తనే బోర్లించి వెళ్ళేది. ఇంట్లోని గిన్నెలన్నీ తోమేది ఆమే. ఆమె తోమిన గిన్నెల్లోనే నివేదనకు పాయసం వండేవారు. ఆ గ్లాసు మాత్రం గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ఇందులో ఉన్న తిరకాసు మా ఇంట్లో ఎవరికీ కనిపించలేదు, చాలా ఏళ్ళ పాటు నాకూ కనిపించలేదు.

విచిత్రమేమిటంటే నాయనమ్మ నెల్లూరు మూలపేట ఆడపడుచు. 1946లో మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్ష చేసినప్పుడు ఆమెకు ఇరవయ్యారేళ్ళు. హరిజనోద్ధరణ గురించి రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని, కాళ్ళకు చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా, నెల్లూరు ఎండలో వీధుల వెంట తిరిగే ఆ మనిషిని చూసి పిల్లలు నవ్వేవారట, పెద్దలు పిచ్చివాడనేవారట. దీక్ష మొదలయ్యాక నవ్వులు ఆగాయి. "ఆయన పోతాడేమోనని భయం వేసింది గానీ, గుడి తెరవాలని మాత్రం నాకు అనిపించలేదు నాయనా" అని నాయనమ్మ దాచకుండా చెప్పేది. చివరికి పెద్దలు దిగివచ్చి గుడి తెరిచారు. కోపంతో ఆమె నెల రోజులు గుడికి వెళ్ళలేదు. ఆ తరువాత ఒక శనివారం, ఉండబట్టలేక వెళ్ళింది. "వెళ్ళి చూస్తే స్వామి అలాగే ఉన్నాడు. ఏమీ మారలేదు. నేనే నెల రోజుల దర్శనం పోగొట్టుకున్నా" అనేది. మా ఇంట్లో సంస్కరణ గురించి నేను విన్న మొదటి ఉపన్యాసం ఇదే. ఇందులో ఎక్కడా హక్కు, సమానత్వం అన్న మాటలు లేవని ఎవరైనా ఎత్తి చూపితే నేను కాదనను.

తాతగారికి అచ్చాఫీసులో ఉద్యోగం దొరికి కాపురం మద్రాసుకు మారింది. 1952లో అదే శ్రీరాములుగారు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్షకు కూర్చున్నప్పుడు నాయనమ్మ రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చింది. అక్టోబరు 19న మొదలైన దీక్ష 58 రోజులు సాగి, డిసెంబరు 15న ఆయన ప్రాణంతోనే ముగిసింది. ఆయన పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, 1901లో. తెలుగువాళ్ళం ఆయన విగ్రహానికి దండ వేసే ప్రతిసారీ రాష్ట్రం మాటే తలుచుకుంటాము, మూలపేట మాట ఎత్తము. భాష కోసం ప్రాణమిచ్చినవాడిని పూజించడం సులువు, అందులో మనం వదులుకోవలసినది ఏమీ లేదు. గుడి కోసం పస్తు పడుకున్నవాడిని తలుచుకుంటే మన పెరటి కిటికీ కూడా గుర్తుకు వస్తుంది. నాయనమ్మకు ఆ రెండు దీక్షలూ గుర్తే, అయినా గ్లాసు కిటికీలోనే ఉంది. మనిషి మనసులో గదులు ఉంటాయేమో, ఒక గదిలో దీపం పెడితే పక్క గదిలోకి వెలుతురు పోదేమో అని ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

నాన్నగారు రాజాజీ భక్తులు. 1939 జూలైలో వైద్యనాథ అయ్యర్ హరిజనులను వెంటబెట్టుకుని మదురై మీనాక్షి ఆలయంలో ప్రవేశించినప్పుడు, వారికి అండగా చట్టం తెచ్చినది రాజాజీ ప్రభుత్వమేనని ఆయన గర్వంగా చెప్పేవారు. శాస్త్రం చదివినవాడే శాస్త్రాన్ని మార్చగలడన్నది ఆయన సిద్ధాంతం. పెరియార్ స్థాపించిన నాస్తిక సంఘం ద్రావిడ కళగం వారు 1971 జనవరిలో సేలంలో జరిపిన ఊరేగింపులో రాముడి బొమ్మలను అవమానించారని పత్రికల్లో వచ్చిన రోజున నాన్నగారు అన్నం ముట్టలేదు. గోడ మీది పట్టాభిషేకం పటం ముందు చాలాసేపు కూర్చున్నారు. తెలుగిళ్ళలో రాముడు దేవుడి కంటే ముందు ఇంటి మనిషి. ఆయనను అంటే మేనమామను అన్నట్టుగా ఉంటుంది. తమిళనాడు జనం దీనికి ఎన్నికల్లో బుద్ధి చెబుతారని నాన్నగారి స్నేహితులు లెక్కలు వేశారు. రెండు నెలల తరువాత, ఆ కళగం నుంచే చీలి వచ్చి అప్పుడు అధికారంలో ఉన్న డి.ఎం.కె. 234 స్థానాల్లో 184 గెలిచింది. అదే వారం పార్థసారథి గుడిలో జనం ఎప్పటిలాగే కిటకిటలాడారు. ఓటు వేసినవాళ్ళూ చక్కెర పొంగలికి చేయి చాపినవాళ్ళూ ఒకరేనని నాన్నగారికి అర్థం కావడానికి చాలాకాలం పట్టింది, అర్థమయ్యాక ఆయన రాజకీయాలు మాట్లాడటం తగ్గించారు.

నేను కాలేజీలో చేరాక నాకు దొరికిన ఆప్తమిత్రుడు ఆ ద్రావిడ కళగం ఇంటి పిల్లవాడే. ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుడుల అబ్బాయి. తండ్రి ఆ సంఘం గుర్తైన నల్లచొక్కా తప్ప మరొకటి వేసేవారు కాదు. సాయంత్రాలు మెరీనా ఇసుకలో కూర్చుని సుండల్ పొట్లాలు విప్పుకుని వాదించుకునేవాళ్ళం. నేను మదురై గురించి చెబితే వాడు కేరళలోని వైకం గురించి చెప్పేవాడు. 1924లో వైకం ఆలయం చుట్టూ ఉన్న వీధుల్లో అందరినీ నడవనివ్వాలని పెరియార్ జైలుకు వెళ్ళారని, తరువాతి కాలంలో దేవుడే లేడన్న మనిషి దేవుడి వీధి కోసం జైల్లో ఉన్నాడంటే మీ భక్తులు సిగ్గుపడాలని వాడి వాదన. నాకు జవాబు తోచేది కాదు. ఇవాళ ఆలోచిస్తే జవాబు అక్కరలేదనే అనిపిస్తుంది. ఈ రాష్ట్రంలో గుడి తలుపులను లోపలి నుంచి తీసిన భక్తులున్నారు, బయటి నుంచి తోసిన నాస్తికులున్నారు. ఇద్దరిలో ఏ ఒక్కరూ ఒంటరిగా ఆ తలుపును కదిలించేవారు కారు. నాన్నగారి వంటి విశ్వాసి ఇంట్లో పుట్టి, నల్లచొక్కాల ఊళ్ళో పెరిగినందువల్ల ఆ ఇద్దరికీ నేను బాకీ పడ్డాను.

ఒకరోజు వాడు మా ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి పెరటిలోకి వెళ్ళి, కిటికీలో గ్లాసు చూశాడు. "ఇదెవరిది?" అని మామూలుగా అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "దేవుడికి నీళ్ళు పెట్టేది" అన్నాను. వాడు సొట్ట పడిన అంచును ఒకసారి వేలితో తడిమి, బోర్లించి, మరేమీ అనకుండా లోపలికి వచ్చి నాయనమ్మ పెట్టిన ఉప్పుడు పిండి తిన్నాడు. నేను చెప్పినది అబద్ధమని వాడికి తెలుసు, తెలిసినట్టు నాకూ తెలుసు. జీవితంలో నేను ఆడిన అబద్ధాలలో దేవుడిని సాక్ష్యానికి పిలిచినది అదొక్కటే. ఆ రాత్రి కిటికీ దగ్గరికి వెళ్ళాను. గ్లాసు తీసి లోపల పెట్టవచ్చు, ఆ ధైర్యం రాలేదు. ఆయమ్మ కాఫీకి లేక వెతుక్కుంటుందేమో అని నాకు నేను సర్దిచెప్పుకుని వచ్చి పడుకున్నాను.

వాడి పెళ్ళి 1986లో రాయపేటలోని ఒక చిన్న హాలులో జరిగింది. పురోహితుడు లేడు, హోమం లేదు, ముహూర్తం కూడా పట్టించుకోలేదు. దండలు మార్చుకున్నారు, పెద్దలు ప్రసంగించారు. ఇలాంటి ఆత్మగౌరవ వివాహాలను 1967లో అణ్ణాదురై ప్రభుత్వం చట్టబద్ధం చేసింది. వస్తానని నాయనమ్మ పట్టుబట్టి వచ్చింది. ఇంటి నుంచే అక్షింతలు కలిపి కొంగున మూటగట్టుకుని తెచ్చింది. దండలు మార్చుకోగానే లేచి నిలబడి, నేను చేయి పట్టుకుని ఆపేలోగా, దంపతుల మీద పిడికెడు చల్లింది. వేదిక మీదున్న ముసలి నాయకుడు నవ్వుతూ, "పాట్టీ, ఇక్కడ ఇవన్నీ లేవు" అన్నాడు. "బియ్యానికీ పసుపుకూ పార్టీ ఏమిటి నాయనా, పిల్లల కడుపు చల్లగా ఉండాలని వేశాను" అని నాయనమ్మ తెలుగులోనే జవాబిచ్చింది. హాలంతా నవ్వింది. కొన్ని గింజలు ఆ నాయకుడి నల్లచొక్కా భుజం మీద పడ్డాయి. పసుపురంగు గింజలు నల్లబట్ట మీద స్పష్టంగా కనిపిస్తున్నాయి. భోజనాలు అయ్యేదాకా ఆయన వాటిని దులుపుకోలేదు. మరచిపోయాడో, కావాలనే ఉంచుకున్నాడో నేను అడగలేదు.

మా పేటలో మరొక పెద్ద ప్రార్థనాస్థలం వాలాజా మసీదు. ఆర్కాటు నవాబు కుటుంబం 1795లో కట్టించిన ఆ మసీదులో, నిర్మాణ సంవత్సరాన్ని సూచించే పారశీక శాసనాన్ని రచించినది రాజా మఖన్‌లాల్ అనే హిందూ పండితుడు. ఏటా రంజాను నెలలో అక్కడ ఉపవాసం విరమించే వారికి రాధాకృష్ణన్ సాలైలోని సూఫీదార్ మందిరం నుంచి సింధీ హిందువులు వంటలు చేసి తెచ్చి వడ్డిస్తారు; దేశవిభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన ఒక సింధీ పెద్దమనిషి మొదలుపెట్టిన ఆచారం అది. ఈ రెండు సంగతులూ నాకు చెప్పినది హైరోడ్డు మీద కుట్టుమిషను పెట్టుకున్న ఒక భాయ్. నాయనమ్మ జాకెట్లు ముప్పై ఏళ్ళు ఆయనే కుట్టాడు. ఉపవాసం విరమించేటప్పుడు తాగే నోంబు గంజిలో మాంసం పడుతుంది కనుక ఆమెకు గంజి తెచ్చేవాడు కాడు, దాని బదులు డజను అరటిపళ్ళు పంపేవాడు. ఆమె కూడా మొహమాటానికి తినడం, మొహమాటానికి పుచ్చుకోవడం ఎరగదు. పళ్ళు కడిగి దేవుడి ముందు పెట్టి, తరువాత పిల్లలకు పంచేది. ఎవరి నియమం వారిది, ఎవరి మర్యాద వారిది. ఈనాడు సామరస్యం పేరుతో జరిగే సభల్లో ఒకరి టోపీ ఒకరు పెట్టుకుని ఫొటో దిగడం కంటే నాకు ఆ అరటిపళ్ళ లెక్కే నికరంగా తోస్తుంది.

1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలిన తరువాత భాయ్ కొట్టు తలుపులు వారం పాటు మూసి ఉన్నాయి. పేటలో పెద్ద అల్లర్లేమీ జరగలేదు, కానీ సాయంత్రం ఆరు దాటితే వీధి బావురుమనేది. ఎనిమిదో రోజున డెబ్బయ్ రెండేళ్ళ నాయనమ్మ చేతికర్ర తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆయన ఉండే సందుకు వెళ్ళింది. ఆయన గడప మీద కూర్చుని, "నా జాకెట్టు సంక్రాంతికి ఇస్తానన్నావు, ఇస్తావా, బట్ట వెనక్కి ఇస్తావా" అని గద్దించింది. లోపల ఆడవాళ్ళు కంగారుగా చూశారు. భాయ్ కాసేపు మాట్లాడలేదు, తరువాత, "ఇస్తానమ్మా, కాజాలు ఒక్కటే మిగిలాయి" అన్నాడు. మసీదు మాట, అయోధ్య మాట ఇద్దరూ ఎత్తలేదు. అరగంట కూర్చుని, పిల్లల చదువుల గురించి అడిగి, అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచి వచ్చింది. మడి మడే. మర్నాడు కొట్టు తెరిచారు.

నేను రాముడిని నమ్ముతాను. పొద్దున స్నానం చేసి ఆ పేరు తలుచుకోకుండా కాఫీ తాగను. ఆ డిసెంబరు నుంచి ఆ పేరును నినాదంగా విన్నప్పుడల్లా నాన్నగారు అన్నం మానిన 1971 నాటి రోజు గుర్తుకు వస్తుంది. అప్పుడు ఆయనను బాధపెట్టినది నమ్మని వారు. ఇప్పుడు నన్ను బాధపెడుతున్నది నాలాగే నమ్ముతున్నామని చెప్పుకునేవారు. వినాయకచవితికి మా వీధిలో చెక్క అచ్చులో తడి బంకమట్టి నొక్కి, రెండు గురివింద గింజలు కళ్ళుగా గుచ్చి, అప్పటికప్పుడు చేసి ఇచ్చే జానెడు పిళ్ళైయార్‌ను, జిల్లేడు పూల దండతో, రంగుకాగితం గొడుగుతో పీట మీద పెట్టి ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. ఆ దేవుడు క్రమంగా మనిషికి రెండింతలై, లారీ ఎక్కి, ఐస్‌హౌస్ మసీదు ముందు నుంచే పోవాలని పంతం పట్టడం, పోలీసులు దారి మళ్ళించడం, ఏటేటా మా పేటలో చూశాను. జానెడు దేవుడికి ఏ దారి అయినా చాలేది.

ఇలా అన్నందుకు భజన బృందంలోని మిత్రులు నన్ను సగం నాస్తికుడినంటారు. బొట్టు చూసి నా నల్లచొక్కా మిత్రుడి పిల్లలు నన్ను పాతకాలపు మనిషినంటారు. 2021 ఆగస్టులో స్టాలిన్ ప్రభుత్వం శిక్షణ పొందిన వివిధ కులాల వారిని గుళ్ళలో అర్చకులుగా నియమించినప్పుడు ఉభయపక్షాలూ నాకు ఫోన్ చేశాయి, ఒకరు అభినందించడానికి, మరొకరు దెప్పడానికి. 1970లో వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసిన చట్టం నుంచి అక్కడికి రావడానికి యాభై ఏళ్ళు పట్టింది. నాకు మాత్రం మూలపేటలో నాయనమ్మ నెల రోజుల అలకే గుర్తుకు వచ్చింది. యాభై ఏళ్ళంటే ఎక్కువే, కానీ అలక తీరి గుడికి వెళ్ళినవాళ్ళు స్వామి అలాగే ఉన్నాడని చూసి వస్తారని నా నమ్మకం.

ఇప్పుడు నేను వేళచ్చేరిలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. 2015 డిసెంబరు వరదల్లో కింది అంతస్తు మునిగి, కరెంటు పోయి, లిఫ్టు ఆగిపోయినప్పుడు, మా ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళే నడుములోతు నీళ్ళలో పాలపాకెట్లు మోసుకుని మెట్లెక్కి వచ్చారు. కొన్నేళ్ళకు లిఫ్టు కొత్తది వేశారు. ఆ తరువాతి సర్వసభ్య సమావేశంలో, పనివాళ్ళూ సరుకులు తెచ్చే కుర్రాళ్ళూ లిఫ్టు వాడకూడదని, మెట్ల మీదుగానే రావాలని తీర్మానం పెట్టారు. ప్రతిపాదించిన పెద్దమనిషి ప్రతి శనివారం మా క్లబ్బు హాలులో విష్ణుసహస్రనామం చదివిస్తారు, కంఠం గంట మోగినట్టు ఉంటుంది. నేను లేచి వ్యతిరేకించాను. బాగా మాట్లాడలేదు, వరదల నుంచి మొదలుపెట్టి మూలపేట దాకా వెళ్ళి, మధ్యలో గొంతు పట్టేసి, చెప్పదలచినది తప్పిపోయి కూర్చున్నాను. "ఇందులోకి రాజకీయాలు తీసుకురాకండి సార్" అన్నారు ఎవరో. నేను మాట్లాడినది నాకు తెలిసినంతలో భక్తి గురించే, ఆ మాట చెప్పడానికి కూడా అప్పటికి ఊపిరి చాలలేదు. తీర్మానం నెగ్గింది. మా ఇంట్లో పనిచేసే అమ్మాయితో పాటు మెట్లెక్కుదామని నాలుగు రోజులు ప్రయత్నించాను, మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆమె మెట్లెక్కుతుంది, నేను లిఫ్టులో వెళుతున్నాను. శనివారం పారాయణానికి ఇప్పటికీ వెళుతున్నాను, ఆ పెద్దమనిషి పక్కనే కూర్చుంటున్నాను. విశ్వం విష్ణుః అని ఆయన ఎత్తుకుంటే అందరం అందుకుంటాము.

సమావేశం జరిగిన రాత్రి ఊళ్ళో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి, ఆ సత్తు గ్లాసు ఏమైందని అడిగాను. నాయనమ్మ 1996లో పోయింది. అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే కిటికీ ఖాళీగా ఉన్నట్టు, ఆయమ్మ వంటింటి గుమ్మం దగ్గర స్టీలు గ్లాసులో కాఫీ తాగినట్టు నాకు మసకగా గుర్తు. ఏదో ఒక రోజు నాయనమ్మ మనసు మారి, తానే తీసి పారేసి ఉంటుందని, ఆ కథ వింటే నా గొంతు కాస్త విప్పారుతుందని ఆశపడ్డాను. అమ్మ కాసేపు ఆలోచించి, "పాత సామాన్లవాడికి వేసేసింది. సత్తు గ్లాసు, పగిలిన గంగాళం, నీ పాత చొక్కాలు రెండూ వేసి, స్టీలు జల్లెడ తీసుకుంది. ఆ రోజు అరగంట బేరమాడింది" అంది. మరి ఆ తరువాత ఆయమ్మకు కాఫీ దేనిలో పోశారని అడిగాను. "ఏముంది, మనం తాగే గ్లాసులోనే. వేరే గ్లాసు లేదు కదా" అంది అమ్మ.

ఆ జల్లెడ మా ఇంట్లో ఇంకా ఉంది. చవితికి ఉండ్రాళ్ళ పిండి దానిలోనే జల్లిస్తాము. ఒక పక్క తీగ ఊడింది, నూక కొంచెం దిగుతుంది.